సూది నలభై దగ్గరే ఉంది

ఉదయగిరి,
24 ఏప్రిల్ 2025

నా మీటర్లు నీ ఇంజిన్‌ను తగలబెట్టాయని కొండాపురంలో అరవై మంది ముందు చెప్పావు. మన ప్రేమలత కొడుక్కి పుట్టెంట్రుకలు తీయించిన రోజున, భోజనాల దగ్గర. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, బంతి బంతికీ చెప్పావు. "చెంచుగాడు పెట్టిన మీటర్లు నా అంబాసిడర్‌ని చంపినాయి" అని సాంబారు బకెట్టు పట్టుకున్నవాణ్ణి కూడా ఆపి చెప్పావట. సొంత మేనమామవు.

క్షేమాలు అడగను. ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్ చేశావు. అమ్మ ఫోన్ నుంచి చేస్తే, "అక్కా" అని ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేశావు. అందుకే కాగితం. దీన్ని బ్లాక్ చేయలేవు. చించగలవు, అది వేరే సంగతి. చించే ముందు చదువు.

నీ మాట మూడు రోజుల్లో ఉదయగిరి చేరింది. నేను నాలుగేళ్ళుగా రెబెకమ్మ మెకానిక్ షెడ్డులో పనిచేస్తున్నానని నీకు తెలుసు. ఆమె భర్త పోయాక ఆ షెడ్డు తలుపు రోజూ తెరిచింది నేనే. జూన్ ఒకటి నుంచి దాన్ని నా పేరు మీద నడుపుకోమని ఆమె మాటిచ్చిందని కూడా నీకు తెలుసు, అమ్మ చెప్పింది. నిన్న పొద్దున ఆమె షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఏంది చెంచూ, మీ మామ సురేంద్రబాబు బండినే కాల్చినావంట? సొంత మామ బండికే ఇట్టయితే పరాయోళ్ళ బండ్లు నీ చేతికి ఎట్ట వదిలేది?" అంది. కావలి నుంచి ఇంకొకడు ఆ షెడ్డు అడుగుతున్నాడు. నేను ఏం చెప్పాలి ఆమెకు?

జనవరిలో ఏం జరిగిందో నీకు గుర్తు లేనట్టుంది. ఇరవై ఆరేళ్ళ బండి. డాష్ మీద ఉన్న మీటర్లన్నీ ఎప్పుడో చచ్చాయి. బోరు నీళ్ళు పోసి పోసి రేడియేటర్ నిండా సున్నం పేరుకుంది. మార్చాలంటే ఎంతవుతుందో చెప్పాను. "అంత నావల్ల కాదురా" అన్నావు. అప్పుడు నేనేం అన్నాను? రేడియేటర్ మార్చలేనప్పుడు, కనీసం ఇంజిన్ ఎప్పుడు కాగుతోందో తెలియాలి అన్నాను. సూది తొంభై అయిదు దాటితే పక్కన ఆపు, చల్లారనివ్వు, మళ్ళీ పో. రేడియేటర్ బదులు మీటరు. ఒప్పందం అదే.

కొత్త మీటర్లు కొనలేదు. నెల్లూరు పాత ఇనుము కొట్లలో రెండు రోజులు తిరిగి, ట్రాక్టర్లకు విప్పిన మీటర్లు మూడు తెచ్చాను: వేడికి ఒకటి, ఆయిల్ ప్రెషర్‌కు ఒకటి, బ్యాటరీకి ఒకటి. వేడి మీటరు సెన్సర్‌ను అమ్మ పొయ్యి మీద మరిగే నీళ్ళలో ముంచి చూశాను. సూది వంద దగ్గర నిలబడింది. చెక్క గంటెలు చేసే మస్తానమ్మ దగ్గరికి పోయి గట్టి చెక్క పలకలో మూడు గుండ్రటి రంధ్రాలు తొలిపించాను, నీ డాష్‌కు అందంగా ఉంటుందని. కూలి అడగలేదు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి నీ దగ్గర బోరు పైపులు మోయడానికి వస్తే, "వీడికి చెయ్యి నిలకడ లేదు" అని వారానికే పంపేశావు. ఆ చేత్తోనే నేర్చుకున్నాను.

బండి నీకు ఇచ్చిన రోజు సూది నీళ్ళ వేడిని ఉన్నదున్నట్టు చూపించింది. మరి ఆ రోజు సూది ఎక్కడుంది? మధ్యలో నా పనిని ఎవరు ముట్టుకున్నారు? ఈ రెండింటికీ జవాబు రాయి.

చెంచురామయ్య,
మెకానిక్. ఆ మాట నువ్వు ఇంకా పూర్తిగా తుడిచేయలేదు.


ఆత్మకూరు,
28 ఏప్రిల్ 2025

చిరంజీవి చెంచుకు ఆశీస్సులు.

ఆ ముక్క రాయొద్దన్నాను, మీ అత్త రాసేసింది. ఉండనీ. ఈ రాత రేణుకది, మాట నాది. నేను చెప్పేది చెప్పినట్టే రాయమన్నాను.

రాత ఆమెది ఎందుకయిందో నీకు తెలుసు. తెలిసి కూడా రెండు పేజీలు రాసినావు, అందులో చెయ్యి ఎట్టుండాది మామా అని ఒక్క ముక్క లేదు. మెకానిక్ అంట. మనిషివి ముందు కారా.

విను. ఏప్రిల్ ఆరో తేదీ. అనంతసాగరంలో ఒకరి బోరు మోటారు వెనక సీట్లో ఏసుకుని పోతా ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. సోమశిల కాలవ దాటి మెరక ఎక్కతా ఉంటే వాసన వచ్చింది. కాగిన ఇనుము వాసన నాకు తెలవదా? కానీ నీ మీటరు చూసినాను. సూది నలభై దగ్గరే ఉండాది. నలభై అంటే నా స్నానం నీళ్ళు. మీటరు పెట్టినోడు నా మేనల్లుడు కదా, వాసన ఎక్కడో పొలంలోది అయ్యుంటాది అనుకున్నాను. ఇంకా మూడు కిలోమీటర్లు పోయినాను. ఇంజిను దడదడలాడి ఆగిపోయింది. బానెట్ ఎత్తినాను. మళ్ళా వెనక్కి పోయి నీ సూది చూసినాను. నలభై. సరే అని గుడ్డ కూడా ఏసుకోకుండా రేడియేటర్ మూత తిప్పినాను.

మోచేయి కాడినుంచి వేళ్ళ దాకా తోలు లేచిపోయింది. కుడి చెయ్యి. పైపు రెంచి పట్టే చెయ్యి. ఇంజిను లోపల హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, బండి టార్పాలిన్ కింద పడుండాది.

ఇరవై ఏళ్ళు మీటరు లేకుండా తోలినాను. ముక్కుతో తోలినాను, చెవితో తోలినాను. కొంచెం వాసనొస్తే ఆపేవాణ్ణి. నీ సూది వచ్చినాక నా ముక్కుని నేను నమ్మడం మానేసినాను. అదీ నువ్వు చేసింది.

కొండాపురంలో నేను పనిగట్టుకుని ఎవరికీ చెప్పలా. చేతికి కట్టు ఉండాది, ప్రతోడూ అడిగినాడు. అడిగినోడికి అబద్ధం చెప్పాల్నా?

మధ్యలో ఎవరు ముట్టుకున్నారని అడుగుతావా? కరెంటు మీటర్లు చెక్క మీద బిగించేది ఎవడన్నా ఉండాడా? ఇనుము మీద పెట్టాల్సింది, గంటెల దుకాణం చేసినావు నా డాష్‌ని. నువ్వు వదిలేసిన నీళ్ళ చెమ్మ కూడా నేనే ఆపుకున్నాను. నీ పని పూర్తి చేసింది నేను. కూలి నేనే అడగాల.

ఇట్లు,
సురేంద్రబాబు.

చెంచూ, నేను రేణుకత్తను. చెయ్యి మానుతోంది, కానీ వేళ్ళు ఇంకా మడవలేకపోతున్నాడు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. దానికి నా మీద కూడా కోపమే. ఈ మాట నేను రాశానని ఆయనకు తెలియదు.


ఉదయగిరి,
2 మే 2025

మామా,

చెయ్యి కాలిందని నాకు తెలియదు.

నీ ఉత్తరం అమ్మ ముందు పెట్టి అడిగాను. "ఎందుకు చెప్పలేదే?" అంటే, "చెప్తే నువ్వు బస్సెక్కి పోతావు. పోయి వాడి కాలిన చెయ్యి చూస్తావు, తిట్టలేవు. తిట్టకుండా వస్తే ఇక్కడ నన్ను తింటావు" అంది. కొండాపురంలో నీ మాటలన్నీ మోసుకొచ్చింది, నీ కట్టు మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. ఆ రోజంతా నేను ఇంట్లో అన్నం తినలేదు. ఆమె కూడా తినలేదు. ఎవరి మీద ఎవరికి కోపమో మాకే తెలియలేదు.

చెయ్యి గురించి అడగనందుకు నాది తప్పు. అది చెయ్యి గురించే. మీటరు గురించి కాదు.

చెక్క మీద మీటర్లు పెట్టానంటావు. చెక్కలో కరెంటు పోదని నాకు తెలియదా? అందుకే మూడు మీటర్ల వెనక నుంచీ ఒక నల్ల తీగ లాగి బండి ఇనుముకు బిగించాను. ఎర్త్ దొరికేది ఆ తీగ వల్లే. ఇనుప పలక మీద పెట్టి ఊరుకునేవాళ్ళు ఆ పని చేయరు. నేను చేశాను. అది ఉన్నంతసేపూ చెక్కయితే ఏంది, ఇనుమైతే ఏంది.

కాబట్టి ఆ నల్ల తీగ పీకింది ఎవరో చెప్పు. నేను చెప్పనా? మార్చిలో నీ బండిలో ఫోన్ చార్జర్ పెట్టించావని అమ్మ అంది. డాష్ కింద చెయ్యి పెట్టి తీగలు కెలికి ఉంటావు. నా నల్ల తీగ అడ్డమొచ్చి పీకేసి ఉంటావు. నీకు ఫోన్ పాటలు ముఖ్యం. ఆ పాటల కోసం నా నోటి దగ్గర కూడు పోతోంది.

ఇక్కడ ఏం జరుగుతోందో కూడా తెలుసుకో. వరికుంటపాడు బడి వ్యాను నాలుగేళ్ళుగా నేనే చూస్తున్నాను. సోమవారం దాని ఓనరు వచ్చి, చక్రాలు విప్పి ఉన్న బండిని అలాగే బిగించమని, తీసుకుపోయాడు. కారణం చెప్పలేదు. నా మొహం కూడా చూడలేదు. రెబెకమ్మ షెడ్డు తాళం నా దగ్గర తీసేసుకుంది. "తప్పు పట్టుకోబాక చెంచూ, మాట తేలేదాకే" అంది. ఇప్పుడు నేను పొద్దున పోయి, ఆమె వచ్చి తాళం తీసేదాకా గేటు బయట నిలబడుతున్నాను, కొత్తగా కూలికి వచ్చినవాడిలాగా.

చివర్లో ఒక మాట అన్నావు. నేను వదిలేసిన చెమ్మ నువ్వు ఆపుకున్నావని. ఏ చెమ్మ? ఎక్కడ? ఎలా ఆపావు? వివరంగా రాయి. తిట్లు తర్వాత రాయి, ముందు అది రాయి.

చెంచురామయ్య


ఆత్మకూరు,
6 మే 2025

చెంచూ,

ఈసారి ఆశీస్సులు నేను కూడా రాయడం లేదు, అంటోంది మీ అత్త. చార్జర్ పెట్టించింది ఆమె. ఒకణ్ణి పిలిచి, తన కళ్ళ ముందరే పాత సిగరెట్ లైటర్ బొక్కలో గుచ్చించింది. డాష్ కింద ఎవడూ చెయ్యి పెట్టలా. ఇప్పుడే ఆమె పోయి టార్పాలిన్ ఎత్తి, ఫోన్ లైటు ఏసి చూసొచ్చింది. నీ నల్ల తీగ నీ బోల్టు కిందనే ఉండాది, నువ్వు బిగించినట్టే. పాటలు అంటావా? ఆ ఫోన్లో నేను వినేది రైతుల తిట్లు. మోటారు ఎప్పుడు ఇస్తావు, పైపు ఎప్పుడు దింపుతావు అని.

పైకి చదువుకున్నోడి మాదిరి రాస్తావు. లోపల నీ పనిలో చుక్కలు కారతా ఉంటాయి. వివరంగా రాయమంటివి కదా, రాసుకో.

మార్చి నెలలో ఒక పొద్దున బానెట్ ఎత్తితే, ఇంజిను హెడ్డుకి నువ్వు బిగించిన ఇత్తడి సెన్సర్ ఉండాదే, దాని మెడ దగ్గర నీళ్ళు చెమరస్తా ఉండాయి. పెద్ద లీకు కాదు. కానీ నా కంటికి నీళ్ళు కారే జాయింటు కనపడితే నాకు నిద్ర పట్టదు. విప్పినాను. నీ రాగి వాషర్ తీసి పారేసినాను. బిగించే మర గాట్ల మీద తెల్ల టేపు పది చుట్లు చుట్టి, రెంచితో బిగించినాను. బోరు పైపులకి చుట్టే మంచి టేపు. ఆ రోజునుంచి చుక్క నీళ్ళు లేవు. పోయి ఇప్పుడు చూసినా పొడిగా ఉంటాది. ముప్పై ఏళ్ళనుంచి మూడొందల అడుగుల బోర్లలో పైపులు దింపతా ఉండాను. సురేంద్రబాబు జాయింటు కారిందని ఈ చుట్టుపక్కల ఒక్కడు అనమను.

అది పని అంటే. నీకు నేర్పకుండా పంపినాను అంటివి కదా, ఇప్పుడు నేర్చుకో.

కొండాపురంలో అన్న మాట అన్నట్టే. వెనక్కి తీసుకోను. షెడ్డు పోతే పోనీ, ఇక్కడికి రా. నా చెయ్యి మానేదాకా పైపులు మొయ్యి. ఈసారి వారానికే పంపనులే.

సురేంద్రబాబు

ఆ చివరి మాట రాయొద్దని నేను చెప్పాను చెంచూ. రాయకపోతే కలం లాక్కుంటానన్నాడు. కలం పట్టుకోలేడు, లాక్కుని ఏం చేస్తాడు. — రేణుకత్త


ఉదయగిరి,
8 మే 2025

పది చుట్లు!

నీ ఉత్తరం షెడ్డు గేటు బయట నిలబడి చదివాను. ఆ మాట దగ్గర ఆగాను. మళ్ళీ చదివాను. పక్కన పంక్చర్ వేసుకునే అతను "ఎవరన్నా పోయినారా అబ్బయ్యా?" అని అడిగాడు. పోయింది నా షెడ్డు, నీ చెయ్యి, నీ ఇంజిను. పది చుట్ల టేపు వల్ల.

మామా, ఇది నీ బోరు పైపు కాదు. ఆ సెన్సర్‌కు ఒక్కటే తీగ ఉంటుంది, చూశావు కదా. కరెంటుకు రెండు దారులు కావాలి. ఒకటి ఆ తీగ. రెండోది దాని సొంత ఒళ్ళు. దాని ఇత్తడి మరలు ఇంజిన్ ఇనుమును తాకాలి. తాకితేనే ఎర్త్. తాకితేనే నీళ్ళు ఎంత కాగాయో అది మీటరుకు చెప్పగలదు. నువ్వు ఆ మరల చుట్టూ టేపు చుట్టావు. ఆ టేపులో కరెంటు పోదు. రెండు చుట్లయితే బిగించేటప్పుడు చిరిగి ఎక్కడో ఒకచోట ఇనుము తగిలేది. నువ్వు పది చుట్టావు, బోరులో మూడొందల అడుగులు దింపుతున్నట్టు. రాగి వాషర్ కూడా పారేశావు. అది తగులుతూ ఉన్నా కొంచెం బతికేది. ఆ రోజు నుంచి నీ సెన్సర్ నోరు మూసుకుంది. మీటరుకు ఏమీ అందకపోతే సూది చల్లటి వైపు పడుకుంటుంది. నువ్వు చూసిన నలభై నీళ్ళ వేడి కాదు. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు సూది ఉండే చోటు అది.

నమ్మకపోతే పరీక్ష చెయ్యి. నువ్వు నా మాట నమ్మవు, నాకు తెలుసు. సెన్సర్ విప్పు, తీగ మాత్రం దానికే ఉండనీ. టేపు ఊడదియ్యకు. కాగే నీళ్ళ గిన్నెలో దాని మూతి ముంచు, బండి తాళం తిప్పు. టేపు చుట్టి బిగించినప్పటిలాగే దాని ఒళ్ళు ఇంజిన్ ఇనుముకు తగలదు కాబట్టి సూది కదలదు. ఇప్పుడు ఇంకో తీగ ముక్క తీసుకుని, ఒక చివర ఇంజిన్ ఇనుముకు, ఇంకో చివర సెన్సర్ తల దగ్గర ఇత్తడికి తాకించు. సూది లేస్తుంది. తీగ తియ్యి, పడుకుంటుంది. ఒంటి చేత్తో కాదు, అత్తను పట్టుకోమను. వేడి నీళ్ళు, జాగ్రత్త.

ఇక నా మాట. ఆ చెమ్మ నాదే. రాగి వాషర్ కొత్తది కాదు. పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచి మళ్ళీ వేశాను. నీకు ఖర్చు తగ్గించాలని ముప్పై రూపాయల దగ్గర కక్కుర్తి పడ్డాను. బండి ఇచ్చే రోజే కొంచెం చెమర్చింది. సర్దుకుంటుందిలే అనుకున్నాను. నీకు చెప్పలేదు. "మామా, కారినా సరే టేపు మాత్రం చుట్టొద్దు" అని ఒక్క మాట చెప్పి ఉంటే నీ చెయ్యి బాగుండేది. నీ సంగతి నాకు తెలుసు, కారే మర కనపడితే చుట్టకుండా ఉండలేవు. తెలిసీ చెప్పలేదు. అది నాది. దాన్ని ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

నీది నువ్వు ఒప్పుకో. పరీక్ష చేసి, వచ్చి రెబెకమ్మ ముందు చెప్పు.

చెంచు


ఆత్మకూరు,
14 మే 2025

చెంచూ,

ఈ రాత నాది. వంకరగా ఉంది, ఓర్చుకుని చదువు. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఒక్కో మాటకు ఎంతసేపు పడుతోందో నీకు చెప్పినా అర్థం కాదు.

రేణుక నిన్న అనంతసాగరం వాళ్ళ అక్క దగ్గరికి పోయింది. అందుకే పరీక్ష నిన్న చేశాను. ఆమె ఉండగా చేయలేదు.

పొద్దున తొమ్మిదింటికి గ్యాస్ పొయ్యి బయటికి తెచ్చి బండి పక్కన పెట్టాను. నువ్వు చెప్పినట్టే సెన్సర్ ముంచాను. నీళ్ళు కుతకుతలాడుతున్నాయి, సూది నలభై దగ్గరే ఉంది. అప్పుడు తీగ ముక్క తాకించాను. సూది లేచింది. మెల్లగా, నిద్ర లేచినట్టు లేచి వంద దగ్గర నిలబడింది. తీగ తీశాను, పడుకుంది. తాకించాను, లేచింది. నీళ్ళు చల్లారేదాకా అదే పని చేశాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. తర్వాత టేపు ఊడదీశాను. పది కాదు, పదకొండు చుట్లు ఉన్నాయి.

చాలా? సంతోషమా?

నువ్వు గెలిచావు. నీ మీటరు మంచిది. నీ చెక్క పలక మంచిది. చెయ్యి కాల్చుకున్నది నేనే, ఇంజిన్ కాల్చుకున్నది నేనే, నా టేపుతో.

కానీ వచ్చి చెప్పమంటే చెప్పలేను. కోపంతో అనడం లేదు. ఆలోచించు. నాకు ఉన్న ఆస్తి ఒక్కటే, సురేంద్రబాబు చుట్టిన టేపు కారదు అనే మాట. రైతు మూడు వందల అడుగుల లోతులో పైపు దింపి పైన మట్టి కప్పేస్తాడు. లోపల నేనేం చేశానో అతను చూడలేడు. ఆ మాట నమ్మి దింపుతాడు. రేపు ఎవడైనా "సురేంద్రకు టేపు ఎక్కడ చుట్టాలో తెలవదంట, చుట్టి సొంత ఇంజినే కాల్చుకున్నాడంట" అని నవ్వితే చాలు. చెయ్యి కాలినప్పటి నుంచి నన్ను పనికి పిలిచినవాళ్ళు ఇద్దరే. కొండాపురం, వరికుంటపాడు, అనంతసాగరం, ఎక్కడికి పోయినా అందరూ మనవాళ్ళే. ఒకచోట అన్న మాట ఎంత వేగంగా పోతుందో నీకే తెలుసు. నేనే నేర్పాను నీకు, ఈసారి నిజంగా.

రేణుకకు కూడా చెప్పలేదు. రోజూ నాకు అన్నం కలిపి పెడుతూ నిన్ను తిడుతోంది. వింటూ తింటున్నాను.

నేను చేయగలిగింది ఇది. మీ రెబెకమ్మకు ఫోన్ చేసి, పిల్లోడు మంచోడే, కోపంలో ఏదో అన్నాను, షెడ్డు ఇవ్వండి అని చెబుతాను. వివరాలు చెప్పను. దానితో సరిపెట్టుకో. చదివాక ఈ కాగితం కాల్చేయి.

నీ నంబరు బ్లాక్ తీసేశాను. ఫోన్ మాత్రం చేయకు, రేణుక ఎత్తుతుంది.

మామ


ఉదయగిరి,
17 మే 2025

అరవై మంది ముందు అన్న మాటను ఫోన్లో గుసగుసగా సర్దుతానంటావా?

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నేరుగా షెడ్డుకు పోయాను. చూపించడానికే పోయాను, అబద్ధం చెప్పను. నీ చేతి రాత, నీ సంతకం, పదకొండు చుట్లు. ఇంకేం కావాలి నాకు? ఆ కాగితం బల్ల మీద పెడితే సాయంత్రానికి తాళం నా చేతికి వస్తుంది.

రెబెకమ్మ పాత ఫిల్టర్లు ఏరుతోంది. తలెత్తి అడిగింది. "మీ మామ కాడినుంచి ఏమన్నా వచ్చిందా?"

"ఇంకా రాలా" అన్నాను.

అది నా నోట్లోంచే వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ షెడ్డుకు రోజూ ముప్పై మంది వస్తారు. సగం మంది బోర్లు ఉన్న రైతులే. ఆమె చదివితే ఆమెతో ఆగదు. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం గీసిన కాగితం అందరి చేతుల్లో తిరుగుతుంది. అంతవరకు ఆలోచన వచ్చింది, చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. నువ్వు నా గురించి ఆ మాత్రం ఆలోచించావా కొండాపురంలో? లేదు. నేను ఆలోచించాల్సి వచ్చింది. దానికి కూడా నీ మీదే కోపం.

ఈ పొద్దున, ఫోన్ చేస్తానన్నావని మాత్రం ఆమెకు చెప్పి చూశాను. "మా మామ ఫోన్ చేస్తానంటున్నాడు పెద్దమ్మా" అంటే ఆమె ఏమందో విను. "ఫోన్ మాట నాకెందుకు? మంచోడే అనే మాట ఎవుర్నయినా అనొచ్చు. నేనడిగేది మంచోడా అని కాదు, పనోడా అని. బంతిలో కూర్చుని అన్న మనిషి నా ముందర కూర్చుని చెప్పమను. పని సరిగ్గా చేసినాడా, చెయ్యలేదా?" కావలి అతను ఇరవై ఆరో తేదీ సోమవారం సాయంత్రం నాలుగింటికి అడ్వాన్సు తీసుకుని వస్తున్నాడు. ఆ లోగా మాట తేలకపోతే ఆమె అతనికే ఇస్తుంది. ఆమెను తప్పు పట్టను. ఆమెకూ ఆ షెడ్డే బతుకు.

నీ పేరు పోతుందని రాశావు. నాకు పేరు ఇంకా రానే లేదు మామా. రాకముందే తీసేశావు. ముప్పై ఏళ్ళ జాయింట్లు ఉన్నాయి నీకు. ఒక్క తప్పు చెప్పుకుంటే వాటిలో ఒక్కటి కూడా కారదు. నాకు ఉన్నది ఈ ఒక్క పని, దాన్ని సరిగ్గా చేయలేదని నువ్వు చెప్పావు.

నువ్వు ఒక్కడివే తల వంచుకుని నిలబడాలని నేను అడగడం లేదు. ముందు నేనే చెబుతాను. పాత వాషర్ వేసింది నేను, చెమ్మ వదిలింది నేను, టేపు చుట్టొద్దని హెచ్చరించనిది నేను. ఆ తర్వాత నీది నువ్వు చెప్పు. అంత చాలు. ఎవడైనా నవ్వితే ఇద్దరినీ చూసి నవ్వనీ. ఇంకో సెన్సర్, మీటరు, గిన్నె అన్నీ నేనే సిద్ధంగా పెడతాను, కావాలంటే రెబెకమ్మ ముందే నీళ్ళు కాచి చూపిద్దాం. నవ్వేవాడు వచ్చి తీగ పట్టుకోనీ.

అత్తకు చెప్పు. నేను ఆమెకు ఒక్క ముక్క రాయను. కానీ నీ ఇంట్లో నా పేరు మీద తిట్లు పడుతుంటే నువ్వు అన్నం మింగుతున్నావన్న మాట నాకు మింగుడు పడలేదు. అది షెడ్డు కంటే ముందు తేల్చుకో.

నీ ఉత్తరం ఈ కవరులోనే పెట్టి వెనక్కి పంపుతున్నాను. కాల్చమన్నావు, కాల్చలేదు. ఫోటో తీసుకోలేదు. ఎవరికీ చదివి వినిపించలేదు, అమ్మకు కూడా. ఇప్పుడు నా దగ్గర నువ్వు ఒప్పుకున్నట్టు ఒక్క అక్షరం లేదు. నువ్వు రాకపోతే నేను నిరూపించలేను. అది తెలిసే పంపుతున్నాను.

సోమవారం, మే ఇరవై ఆరు, ఆత్మకూరు నుంచి పొద్దున బస్సెక్కు. మధ్యాహ్నం రెండింటికల్లా ఉదయగిరిలో, రెబెకమ్మ షెడ్డు ముందు ఉండాలి. కట్టు కట్టుకునే రా, దాచొద్దు. వస్తున్నావో లేదో నీ చేత్తోనే, అత్త చేత్తో కాదు, రాసి పంపు. ఆ జవాబు గురువారం ఇరవై రెండో తేదీ పోస్టులో నా చేతికి అందాలి.

చెంచురామయ్య